ముప్ఫై ఆరు మెట్ల అమ్మమ్మ

మూడో పాట కూడా అదే డోలు దెబ్బతో మొదలైంది. మొదటి పాటలో ఉన్నదే, రెండో పాటలో ఉన్నదే, ఎవడో జర్మనీవాడు నాలుగేళ్ళ కిందట ఏ రికార్డులోంచో కొట్టుకొచ్చిన దెబ్బ, వాడి పాటలోంచి ఇంకొకడు, ఆ ఇంకొకడి పాటలోంచి వీళ్ళందరూ. ఎంగిలి డోలు, అనుకున్నాడు తువోమో, ఎంగిలి డోలు, ఎంగిలి తాళం, ఆరువందల మంది మగపిల్లలు ఒకే పళ్ళెంలో తింటున్నారు. బడి వ్యాయామశాల చెక్కనేల మీద పరుపులేసుకుని, కంప్యూటర్లు ముందు పెట్టుకుని శుక్రవారం నుంచి పడి ఉన్నారు అందరూ, ఊరంతా సౌనాలు, ఆవిరిస్నానపు గదులు, ఉంటే ఒక్కడూ స్నానం చేసిన పాపాన పోలేదు. కిటికీలు తీస్తే కాగితపు మిల్లు నుంచి కుళ్ళిన క్యాబేజీ కంపు, మూస్తే సాక్సుల కంపు. కిటికీలకి కట్టిన నల్ల ప్లాస్టిక్ పట్టాల సందుల్లోంచి జులై ఎండ సన్నగా దూరి, ఎవడో ఒలకబోసిన కోలా మడుగు మీద పడుతోంది. ఆ మడుగులో నిన్నట్నుంచి మూడుసార్లు చెయ్యి పెట్టాడు తను. మూడోసారి కడుక్కోలేదు కూడా. కంప్యూటరు మీద కట్టిన పాటల పోటీ మూడింటికన్నారు, నాలుగున్నరకి మొదలెట్టారు, తనది తొమ్మిదో పాట, అమ్మ ఐదింటికి వస్తానంది.

ఐదింటికి తను సంచి భుజాన వేసుకుని గేటు బయట నిలబడి ఉండాలి, అదీ అనుకున్నది. పాట మోగిపోయి, చప్పట్లో తిట్లో ఏవో పడిపోయి, అమ్మ కారు దిగకుండానే తను ఎక్కేసి, అమ్మమ్మ ఉండిన ఇలొమాంత్సి దాకా మూడు గంటలు కళ్ళు మూసుకుని నిద్ర నటించి. ఇప్పుడు లెక్కేస్తే పాటకి మూడు నిమిషాలు, మధ్యలో మైకు ముందు వీళ్ళ కుళ్ళు జోకులు ఒక నిమిషం, మధ్యలో యంత్రం మొరాయిస్తే ఇంకో ఐదు. ఐదుంపావు. అమ్మ కారులో కూర్చుని ఎదురుచూసే మనిషి కాదు. లోపలికొస్తుంది.

"ఏంట్రా, మొహం అలా పెట్టావ్?" అన్నాడు కిమ్మో, నోట్లో చిప్సు నలుగుతుండగానే. "కక్కుతావా ఏంటి? కక్కేదుంటే అటు తిరిగి కక్కు, ఇటు నా కీబోర్డుంది."

కిమ్మో తన వీధివాడే, తన జట్టువాడే. తెరమీద గీతలు గిరగిరా తిప్పే పని వాడిది, వాటి వెనక పాట కట్టే పని తనది. వాడి వేళ్ళకి చిప్సు నూనె, ఆ వేళ్ళతోనే కీబోర్డు, అవే మీటలు ఈ ఉదయం తను నొక్కాడు. ఒకప్పుడు ఇవేవీ రోతగా అనిపించేవి కావు. నిరుడు ఇదే హాల్లో ఇదే కంపులో ఒళ్ళు తెలీకుండా మూడు రోజులు గడిపి, ఇంటికెళ్ళాక బట్టలు విప్పుతుంటే ఆ కంపు పోతుందే అని బెంగపడ్డాడు. ఇప్పుడు నోటితో ఊపిరి పీలుస్తున్నాడు. కంపు మారలేదు, తను మారాడు, లేకపోతే ఇన్నాళ్ళూ తన కంపు తనకి తెలీలేదు.

నాలుగో పాట. చివర్లో ఎవడో నక్షత్రాల మధ్య తేలుతున్నట్టు సన్నాయి లాగించాడు. సన్నాయి కాదది, దాని నిడివి వింటే తెలిసిపోతుంది, కారు హారను. కారు హారనుని కింది మెట్టు మీద పెట్టి లాగాడు వెధవ. ఇంకెవరికీ తెలీదు, తనకి తెలుసు. మూడేళ్ళుగా ఇదే పని. శబ్దాన్ని ఒక ముక్క కోసి కంప్యూటరు పెట్టెలో వేస్తావు, ఆ ముక్కకి ముప్ఫై ఆరు మెట్లుంటాయి, ఏ మెట్టు నంబరు వేస్తే ఆ మెట్టు మీద కూస్తుంది. తెర మీద నాలుగు వరుసల అంకెలు పై నుంచి కిందికి జారుతుంటాయి, పుటకి అరవై నాలుగు గళ్ళు. పై మెట్టు వేస్తే గొంతు సన్నబడుతుంది, కానీ ఊరికే సన్నబడి ఊరుకోదు, పరిగెడుతుంది కూడా. కింది మెట్టు వేస్తే బొంగురుపోతుంది, ఈడుస్తుంది. శ్రుతీ వేగమూ ఒకే తాడుకి కట్టేసి ఉంటాయి, ఒకటి లాగితే రెండోది వచ్చి తీరుతుంది. రెండు సెకన్ల మనిషి పైకి పోతే ముప్పావు సెకను పిట్ట, కిందికి పోతే ఐదు సెకన్ల ఎద్దు. ఇది తెలిసిన మొదటి రోజు కుక్కని మొరిగించి ముక్క కోసి, దాన్ని ఎలుకని చేసి, ఏనుగుని చేసి, పొట్ట చెక్కలయ్యేలా నవ్వుకున్నారు ఇద్దరూ. తన గొంతుని చేశాడు, కిమ్మో తేన్పుని చేశాడు, లెక్కల మాష్టారి దగ్గుని చేశాడు. అన్నీ చేశాక అమ్మమ్మని చేశాడు.

అమ్మమ్మ అంటే పరాస్కా, ఇప్పుడు సరిహద్దు అవతల ఉండిపోయిన కరేలియా ఊళ్ళోది. యుద్ధంలో రైలెక్కి ఇటొచ్చింది, వచ్చినా ఫిన్నిష్ మాట సాంతం నోటికి పట్టించుకోలేదు, అమ్మమ్మ అనడానికి అక్కడి మాట బువాబో, అలాగే పిలిపించుకునేది. చావు ఇళ్ళల్లో ఏడుపుపాటలు ఎత్తేది. పోయిన మనిషిని పేరుపెట్టి పిలవకుండా, అమ్మనో నాన్ననో అని కూడా అనకుండా, చుట్టూ తిప్పి తిప్పి మాటలతో అల్లి పంపించే పాటలు. ఆ చుట్టుపక్కల అవి వచ్చినవాళ్ళు నలుగురు ఉండేవాళ్ళు, తర్వాత ఇద్దరు, తర్వాత ఈవిడొక్కతే. పోయినేడు మే నెలలో తను టేపురికార్డరు మోసుకుని వెళ్ళాడు. ఎంత తెలివి! ఏ జర్మనీవాడి దగ్గరా లేని శబ్దం తన దగ్గరుంటుందని, డోలూ తాళాలూ ఎత్తుకొచ్చుకునే ఈ దొంగమూకలో తనొక్కడే సొంత సరుకున్నవాడవుతానని.

"బువాబో, ఒక ఏడుపుపాట పాడవా?"

"ఎవరు పోయారు?" అంది, కాళ్ళ దగ్గర బంగాళాదుంపల బుట్ట పెట్టుకుని మొలకలు గిల్లుతూ.

"ఎవరూ పోలేదు. రికార్డు చేసుకుందామని."

"ఎవరూ పోకుండా ఏడిస్తే ఎవరో ఒకళ్ళు పోవాల్సొస్తుందిరా పిచ్చి సన్నాసీ. పోయి కాఫీ పెట్టు."

ఎంత బతిమాలినా పాడలేదు. టేపు మాత్రం తిరుగుతూనే ఉంది, తను ఆపలేదు. నలభై అయిదు నిమిషాలు. పొరుగింటి పిల్లి ఎవరి పాలు తాగిందో, రైలెక్కేప్పుడు వదిలేసి వచ్చిన ఆవు పేరేంటో, అది ఎంతసేపు పట్టాల పక్కన నడిచిందో, కొత్త పాదిరి గొంతు ఎంత పీలగా ఉందో. మధ్యలో ఒకసారి లేచి కిటికీ తీసింది. అమ్మ సరస్సు ఒడ్డున చెక్కల మీద మోకాళ్ళేసుకుని తివాచీలు ఉతుకుతోంది. అమ్మమ్మ ఊపిరి పీల్చుకుంది, ఆ పీల్చుకోవడం టేపులో స్పష్టంగా పడింది, పీల్చుకుని పిలిచింది. "ఓయ్… రావే…" మొదటిది పైకి, రెండోది మెల్లగా కిందికి. దూరంగా నీళ్ళ మీంచి అమ్మ గొంతు, "వస్తున్నా, వస్తున్నా." అంతే. ఆ తర్వాత ఆరు వారాలకి, జులైలో, ఎవరూ ఏడవకుండానే పోయింది. సమాధి దగ్గర పాదిరి పీలగొంతుతో చదివాడు, చుట్టాలు టోపీలు తీసి నిలబడ్డారు, ఏడుపుపాట ఎత్తడానికి ఎవరికీ రాదు. దోమలు కుట్టాయి. అమ్మ చేతికి టేపు ఇవ్వబోతే తల అడ్డంగా ఊపింది. "ఇప్పుడు నా వల్ల కాదురా. ఏడాది తిరగనీ, ఏడాది పూజ నాడు అందరం కూర్చుని విందాం. జాగ్రత్తగా దాచు."

ఏడాది రేపటితో తిరుగుతుంది.

అయిదో పాట మొదలై యంత్రం మొరాయించింది, తెర నల్లబడింది, ఆరువందల గొంతులు ఒకేసారి ఆ కంప్యూటరు పేరు పెట్టి "అమీగాఆఆఆ!" అని అరిచాయి, మూడు రోజులుగా ప్రతి పది నిమిషాలకీ అరుస్తున్న అరుపే, కిమ్మో కూడా అరిచాడు, చిప్సు తుంపర తువోమో మోచేతి మీద పడింది. తుడుచుకోలేదు. తుడుచుకోవడానికి శుభ్రంగా ఏముంది?

దాచాడు, మొదట్లో. చలికాలంలో ముక్క కోయడానికి తీశాడు. ఏడుపు లేదు కదా, మరి టేపులో పాటలాంటిది ఏముంది, ఆ పిలుపొక్కటే. పెట్టెలో చోటు తక్కువ, నాలుగు డోళ్ళూ రెండు తీగలూ ఇదివరకే తిష్ట వేసుకుని ఉన్నాయి. అందుకని అందరూ చేసే పనే తనూ చేశాడు, క్యాసెట్టు డెక్కుకి రెట్టింపు వేగం మీట ఉంటుంది, దాని మీద టేపు తిప్పి, పరిగెడుతున్న అమ్మమ్మని పట్టుకున్నాడు. సగం నిడివి, సగం చోటు, తర్వాత కింది మెట్టు మీద వాయిస్తే మామూలైపోతుంది, చిన్న లెక్క. అప్పటికీ పట్టలేదు. ఇంకోసారి కుదించాడు. తీగలతో శ్రుతి కలవడానికి ఇంకోసారి సాగదీశాడు. ఏ అంకె ఎంత మార్చాడో ఎక్కడా రాసుకోలేదు, చెవికి బాగుందా లేదా అంతే. ముందు ఉన్న ఊపిరి కోసేశాడు, పెట్టెలో ఆరువందల బైట్ల చోటు మిగిలింది. వెనకున్న అమ్మ జవాబు కోసేశాడు, రెండువేలు మిగిలాయి. ఎంత మిగిలిందో కిమ్మోకి గొప్పగా చెప్పుకున్నాడు కూడా.

టేపు సంగతి మార్చి నెలలో. కిమ్మో పాట కావాలన్నాడు, గీతలతో కలిపి చూసుకోవాలన్నాడు, అప్పటికప్పుడు కావాలన్నాడు. ఖాళీ క్యాసెట్టు దొరకలేదు. చేతికి ఈ క్యాసెట్టు వచ్చింది. దాంట్లోంచి కావలసింది తీసేసుకున్నాం కదా, అనుకున్నాడు తువోమో, అచ్చంగా ఈ మాటే అనుకున్నాడు, మాట కూడా గుర్తుంది, ఛీ. ముక్క కోశాక మిగతాది తొక్క. రికార్డు మీట నొక్కి సౌనాకి పోయాడు. గంట తర్వాత ఒళ్ళంతా ఎర్రగా వచ్చి చూస్తే టేపు చివరిదాకా తిరిగి ఆగి ఉంది. మొదటి మూడు నిమిషాలు తన పాట, మిగిలిన నలభై రెండు నిమిషాలూ ఏమీ లేదు. పిల్లీ, ఆవూ, పాదిరీ, కిటికీ, నీళ్ళ మీంచి అమ్మా, అన్నింటి మీదా ఖాళీ ఎక్కింది. అప్పుడైనా గుండె ఆగలేదు. రెండు రోజుల తర్వాత పళ్ళు తోముకుంటుంటే తెలిసొచ్చింది. అప్పట్నుంచి నాలుగు నెలలుగా అమ్మకి ఒకటే అబద్ధం, టేపు కిమ్మో దగ్గరుంది, గరగర తీసేయిస్తున్నాను. కిమ్మోకి గరగర తీయడం ఏం తెలుసు, వాడి గొంతులోనే గరగర.

అబద్ధం అక్కడితో ఆగినా బాగుండు. ఒక్కటే ఒక్క మెట్టు మీద అమ్మమ్మ అమ్మమ్మలా మాట్లాడుతుంది, ఆ మెట్టు ఏదో తెలిస్తే, ఆ రెండు సెకన్లైనా వేరే క్యాసెట్టు మీదికి ఎక్కించి, అమ్మా ఇంతే మిగిలింది, తప్పైపోయింది అని చేతిలో పెట్టొచ్చు. వారం రోజులు గదిలో తలుపేసుకుని కూర్చున్నాడు. పదహారు, పదిహేడు, పద్దెనిమిది, పందొమ్మిది, ఇరవై. ప్రతిదీ ఆవిడే. కాసేపటికి ఏదీ ఆవిడ కాదు. పదహారో మెట్టు మీద ఆవిడకి జలుబు, ఇరవయ్యో మెట్టు మీద వయసు ముప్ఫై, పద్దెనిమిది మరీ మామూలు, బస్సులో పక్కన కూర్చునే ఎవరో ఆవిడ. కళ్ళు మూసుకుని వంటింటిని గుర్తు తెచ్చుకుందామంటే, దుంపల బుట్ట కనపడుతుంది, గిల్లే గోళ్ళు కనపడతాయి, నోరు తెరిస్తే బాతు. మూడు నెలలు పాట కడుతూ పై మెట్టు మీద వెయ్యిసార్లు వాయించిన బాతు. టేపు మీద ఖాళీ ఎక్కించినట్టే తన బుర్ర మీద తనే బాతుని ఎక్కించుకున్నాడు. ఆవిడ గొంతు తెలిసిన మనిషి ఇంకొకళ్ళే ఉన్నారు, యాభై ఏళ్ళు దాన్ని విన్న మనిషి. అమ్మని అడగాలంటే ముందు టేపు సంగతి చెప్పాలి. చెప్పడానికి మొహం చెల్లలేదు. చెల్లకపోగా, ఆ పాటనే తీసుకొచ్చి ఇక్కడ పోటీకిచ్చాడు, పైగా తెర మీద వేయడానికి ఒక వాక్యం రాసిచ్చాడు, నిజమైన కరేలియా ఏడుపుపాట ఉన్న ఏకైక పాట అని. ఆవిడ పాడనంటే పాడనన్నది. పాడిందని రాశాడు.

ఆరో పాట అయిపోయినట్టుంది, చప్పట్లు పడుతున్నాయి. పాట మోగితే ఇక ఆగదు. సాయంత్రానికి డిస్కుల మీద ఎక్కుతుంది, ఎల్లుండికి పోస్టులో జర్మనీ, నార్వే. అందులోంచి ముక్కలు ఊడబీక్కోవడం వీళ్ళకి నిమిషం పని, తనకీ నిమిషం పనే, తనూ అలా బీక్కున్నవాడే. ముక్కల పేర్లు రాసే గళ్ళల్లో అందరూ ఒకరికొకరు కబుర్లు రాసుకుంటారు, తను ఏడో గడిలో 'మా అమ్మమ్మ, ముట్టుకోవద్దు' అని రాశాడు. అది చూశాక ముట్టుకోనివాడు ఉంటాడా? వచ్చే ఏడు ఈ పాటికి ఆవిడ ఏ మ్యూనిక్ కుర్రాడి పాటలోనో తేన్పుతూ ఉంటుంది.

లేచాడు. పరుపులు దాటుకుంటూ, ఎవడి కాలో తొక్కి, వాడు తిడితే పడి, వేదిక పక్కనున్న బల్ల దగ్గరికి వెళ్ళాడు. పోటీ నడిపిస్తున్న యార్కో అక్కడ పేపరు పళ్ళెంలో చల్లారిన సాసేజీ కొరుకుతూ కూర్చున్నాడు, ఆవాల ముద్ద గడ్డానికి అంటుకుని ఉంది.

"తొమ్మిదో పాట తీసెయ్యాలి," అన్నాడు తువోమో.

"నీకేమైనా పిచ్చా? ఎందుకు? తప్పు పడిందా?"

"తప్పు కాదు. అంటే, తప్పే."

"ఒరేయ్, పొద్దున మేం నలుగురం కూర్చుని అన్నీ విన్నాం. నీ బాతు దగ్గర మావాడు కుర్చీలోంచి పడ్డాడు తెలుసా? మొదటి మూడింట్లో ఉంటావు, నేను చెప్తున్నా. మొదటిదే రావచ్చు. వెళ్ళు, వెళ్ళి కూర్చో." సాసేజీ ముక్క పంటికి అడ్డుపడితే వేలితో తీసుకుని చూసి మళ్ళీ నోట్లో పెట్టుకున్నాడు. "ఏంటి, తీసెయ్యనా మరి?"

తీసెయ్యి. మూడే అక్షరాలు. నాలుక చివరిదాకా వచ్చాయి. మొదటిదే రావచ్చు. కాళ్ళు వాటంతటవే వెనక్కి తిరిగాయి, పరుపులు దాటాయి, మళ్ళీ అదే కాలు తొక్కాయి. సాసేజీ తింటున్న యార్కోని చూసి అసహ్యపడ్డందుకు ఇప్పుడు నవ్వొచ్చింది. వాడి ఎంగిలి వాడు తిన్నాడు. తను?

ఎనిమిదో పాట మధ్యలో హాలు తలుపు తెరుచుకుని ఎండ ఒక్కసారిగా లోపలికి పడింది, "తలుపు! తలుపెయ్యండి!" అని అరిచారు, ఆ ఎండలో నీలంరంగు కోటు, చేతిలో గుడ్డ సంచి. అమ్మ. ఇర్యా. బ్యాంకు కౌంటరులో కూర్చునే మనిషి, ఎంత రద్దీలోనైనా గొంతు పెంచని మనిషి, ముక్కు మీద చెయ్యి పెట్టుకుని పరుపుల మధ్యలోంచి పాదాలు ఏరుకుంటూ వస్తోంది. తువోమో ఎదురెళ్ళాడు, గోడ దగ్గర ఆపాడు.

"ఇదేం కంపురా నాయనా," అంది చెవిలో. "గొడ్లచావిడి నయం. వీళ్ళందరికీ అమ్మలు లేరా?"

"ఇంకొక్క పాట అమ్మా. తర్వాతిది నాదే. నువ్వు కారులో కూర్చో, ఐదు నిమిషాల్లో వచ్చేస్తా."

"నీదైతే నేనెందుకు వినకూడదు? మూడు నెలలు గది తలుపేసుకుని చేసింది ఇదేగా." సంచి ఎత్తి చూపించింది. "పిరక్కాలు చేశాను, ఇంకా వేడిగానే ఉన్నాయి, మా అమ్మ చేసినట్టే రై పిండి రొట్టెలు పల్చగా వత్తి, లోపల అన్నం ముద్ద పెట్టాను. రేపటికి కొన్ని తీసి ఉంచి, మిగిలినవి మీ కిమ్మోకి పెట్టు. టేపు తీసుకున్నావా వాడి దగ్గర?"

"సంచిలో ఉంది," అన్నాడు. ఏమీ ఆలోచించకుండా వచ్చింది ఆ మాట, ఊపిరిలాగా. సంచిలో మురికి చొక్కాలున్నాయి.

"హమ్మయ్య. పదకొండు మంది వస్తున్నారు. ఎయినో మావయ్య పెద్ద స్పీకర్లు తెస్తానన్నాడు." అతని చెయ్యి నొక్కింది. "నాకిప్పట్నుంచే భయంగా ఉందిరా. భయంగానూ ఉంది, ఎప్పుడెప్పుడా అనీ ఉంది."

తెర నల్లబడింది. తొమ్మిది. తన మారుపేరు, దాని కింద ఆ వాక్యం, అమ్మ కళ్ళద్దాలు కారులో మర్చిపోయింది కాబట్టి చదవలేదు, అదొక్కటీ అదృష్టం. నాలుగో మెట్టు మీద మొదలైంది. అయిదు సెకన్లు, నేల అడుగునుంచి వస్తున్న మూలుగు, చుట్టూ గదగద. హాలంతా మాటలు మాని వింది. ఎవడో ఈల వేశాడు. తను ఈ చోటు కట్టినప్పుడు ఒళ్ళు గగుర్పొడిచింది, ఏ పురాతనకాలపు మంత్రగత్తెనో పిలిచానని మురిసిపోయాడు.

"ఎవర్రా ఈ తాగుబోతు?" అంది అమ్మ చెవిలో, నవ్వాపుకుంటూ. "శనివారం పూట మీ ఎయినో మావయ్య అచ్చం ఇంతే."

డోలు పడింది, ఎంగిలి డోలు, తన పాటలోనూ అదే మరి, ఆ పైన తీగలు, ఆ పైన ముప్ఫయ్యో మెట్టు. ముక్కని ఇంకా చిన్న ముక్కలు చేసి ఒకే గడిలో నాలుగేసిసార్లు కొట్టించాడు. క్వా-క్వా-క్వా-క్వా-ర్వే. క్వా-క్వా-ర్వే. ఆరువందల మందీ ఘొల్లున నవ్వారు. పరుపుల మీద దొర్లారు, కిమ్మో దూరంనుంచి రెండు చేతులూ ఎత్తి బాతు రెక్కలు ఆడించాడు, "అమీగాఆఆఆ!" అన్నారు, యార్కో బల్ల మీద గుద్దుతున్నాడు. అమ్మ కూడా. అమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, భుజాలు ఎగిరిపడుతుంటే, ఏడాదిగా చూడలేదు తను అమ్మ అలా నవ్వడం, కళ్ళల్లోంచి నీళ్ళు కారేలా. "అమ్మ బాబోయ్, ఆ బాతు! ఇది నువ్వే చేశావా? ఆ బాతుని ఎక్కడ పట్టావురా?" ఆగితే బాగుండు. కరెంటు పోతే బాగుండు. క్వా-క్వా-ర్వే. ఎనిమిదో పుట, తొమ్మిదో పుట, ఎంత పొడుగు కట్టాడు దీన్ని, దేనికి, పదో పుట.

పదకొండో పుటలో డోలు ఆగి తీగలు పల్చబడే చోట, తర్వాతి మోతకి ముందు ఒక్క పిలుపు వేశాడు, ఖాళీ కనిపించి. ఉదయం పదింటికి, గడువుకి పది నిమిషాల ముందు. ఇరవయ్యో మెట్టు వేయబోతే కిమ్మో నూనె మీద వేలు జారి, రెండు మెట్లు కిందుండే పక్క మీట నొక్కుకుంది, వినపడినప్పుడు కాస్త శ్రుతి తప్పినట్టు అనిపించింది, దిద్దే టైము లేదు, ఎవరికి తెలుస్తుందిలే అని డిస్కు తీసి ఇచ్చేశాడు.

"ఓయ్… రావే…"

హాలు ఇంకా నవ్వుతోంది. అమ్మ కళ్ళు తుడుచుకుంటోంది, తుడుచుకుంటూనే తలుపు వైపు తిరిగింది, తిరిగి, ఎప్పుడూ అనే గొంతుతో, పనిలో ఉన్న మనిషి గొంతుతో, "వస్తున్నా, వస్తున్నా," అంది.

పదకొండో పుట, నలభై ఎనిమిదో గడి, ఇరవై కాదు దాని పక్క మీట, పద్దెనిమిది. బస్సులో ఆవిడ. పద్దెనిమిది. చేతికి జేబులోని కలం తగిలింది, డిస్కుల మీద పేర్లు రాసే కలం, ఎడమ అరచేతిలో 18 అని రాసుకున్నాడు, లావుగా, రెండుసార్లు దిద్దాడు. ఆ తర్వాతే తలెత్తి అమ్మ మొహం చూశాడు. ముందు అంకె, తర్వాత అమ్మ. అది తెలిసి, ఈ మూడు రోజుల్లో, ఈ నాలుగు నెలల్లో దేని మీదా వేయనంత అసహ్యం వేసింది తన మీద తనకి.

అమ్మ తలుపు వైపే చూస్తోంది. చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

"అమ్మ," అంది. "మా అమ్మ పిలిచింది. విన్నావా? టేపులోంచి పెట్టావా? ఇలా పెట్టావని చెప్పలేదే." మొహం వెలిగిపోతోంది. "తివాచీలు ఉతుకుతున్న రోజు కదూ. ఒరేయ్, రేపు ఇది మొదట పెడదాం. తర్వాత టేపు మొత్తం."

"టేపు లేదమ్మా."

"సంచిలో ఉందన్నావుగా?"

"లేదు. మార్చిలో దాని మీద నా పాట ఎక్కించేశాను. చూసుకోలేదు. అంతా పోయింది. నువ్వు విన్నావే, ఆ పిలుపు, రెండు సెకన్లు, అదే మిగిలింది. పాటంతా దాంతోనే కట్టాను."

మళ్ళీ బాతు మొదలైంది, చివరి పుటలు, అందరికీ ఇప్పుడు తెలుసు కాబట్టి అందరూ దాంతోపాటు అరుస్తున్నారు, క్వా-క్వా-ర్వే, క్వా-క్వా-ర్వే. అమ్మ వింటోంది. వింటూ వింటూ తెర వైపు తిరిగింది, తెర మీద ఏమీ లేదు, తను చెప్పిన మాటని దాంతో కలుపుకుంటోందని తెలుస్తూనే ఉంది.

"పాటంతా దాంతోనే అంటే?" అంది. "ఈ బాతు…"

తల ఊపాడు.

"ఇందాకటి తాగుబోతు?"

తల ఊపాడు. పాట ఆగింది. చప్పట్లు, ఈలలు, కాళ్ళతో నేలని తన్నడం, ఎవరో తువోమో వీపు చరిచి వెళ్ళారు. ఆ గోలలో అమ్మ గొంతు పెంచలేదు, కానీ ప్రతి అక్షరం వినపడింది.

"నా చేత కూడా నవ్వించావు కదరా," అంది.

సంచి అతని చేతిలో పెట్టి, వచ్చినట్టే పరుపుల మధ్య పాదాలు ఏరుకుంటూ తలుపు వైపు నడిచింది. తువోమో వెనకాలే వెళ్ళాడు. పిరక్కాల వేడి సంచిలోంచి కుడిచేతికి తగులుతోంది. బయట ఎండ, మిల్లు కంపు, అమ్మ కారు తాళం తీస్తోంది, ఇటు చూడటం లేదు. సంచి రెండు చేతులతో పట్టుకుని పరిగెత్తాలి, ఏదైనా అనాలి. ఎడమ అరచెయ్యి చెమట పడుతోంది. అంకె చెరిగిపోకుండా ఆ చేతిని విప్పి, గాలి తగిలేలా పట్టుకుని నడుస్తున్నాడు.